కుట్టుకి రెండు అంగుళాలు

ఇంటి వెనక గోడ కూలిపోవడానికి కారణం తన బావమరిదేనని టైలరు ఇప్పటికీ అంటాడు. ఆ బావమరిదిని అందరూ ఎస్టిమేటు అని పిలుస్తారు. కారు టైరు దగ్గర నుంచి కుళాయి వాషరు దాకా దేనికెంత అవుతుందో వస్తువు చూడకుండానే చెప్పేస్తాడు. చెప్పిన అంకె ఏనాడూ నిజం కాలేదు. అయినా జనం అడగడం మానలేదు, ఎందుకంటే చెప్పినందుకు అతను పైసా తీసుకోడు. ఊరికే వచ్చిన సలహాకి తరవాత ఎంత కట్టుకోవాలో తెలియాలంటే టైలరును అడగాలి.

ఆ ఆదివారం పొద్దున టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. వెనక గదిలో ఏసీ చచ్చిపోయింది. గోడలో కన్నం పెట్టి దూర్చే పాతకాలపు పెట్టె అది. ఈ ఇంట్లోకి వచ్చిన రోజు నుంచీ ఆ కన్నంలోనే ఉంది. పొద్దున్నే కొట్టుకి వెళ్లి అలాంటిదే కొత్తది తేవాలి, భోజనాల వేళకి బిగించేయాలి, సాయంత్రం వెళ్లి ఓవర్‌లాక్ మిషను కొనుక్కోవాలి. చేతిలో యాభై వేలున్నాయి. ఏసీకి ఇరవై ఎనిమిది, మిషనుకి ఇరవై రెండు.

ఏసీ ఆ గదిలో పడుకునే అత్తగారి కోసం, మిషను తన పరువు కోసం. ఓవర్‌లాక్ లేకపోవడం వల్ల, కుట్టిన బట్టలకి అంచులు కొట్టించడానికి అతను రోజూ పక్కవీధి టైలరు దగ్గరికి మూట పట్టుకుని వెళ్లాలి. ఆ పక్కవీధివాడు ఒకప్పుడు ఇతని దగ్గరే కాజాలు కుట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడు తలెత్తకుండానే "అక్కడ పెట్టెళ్లండి మాస్టారూ, తీరిక చూసుకుని కొట్టిస్తా" అంటున్నాడు. ఆ మాట ఇక వినకూడదని టైలరు రెండేళ్లు కడుపు కట్టుకుని ఆ డబ్బు కూడబెట్టాడు.

"ఏవండీ, వెళ్లేముందు తమ్ముణ్ణి ఒక్కమాట అడగకూడదూ?" అంది భార్య.

"అడిగితే పని పెరుగుతుంది."

"మీకు మా వాళ్లంటే ఎప్పుడూ చులకనే."

ఆ మాట తరవాత అడక్క తప్పదు. అడిగేలోపే ఎస్టిమేటు గుమ్మంలో ఉన్నాడు. అక్క అప్పటికే ఫోను చేసింది.

"బావా, ఇప్పుడొచ్చే ఏసీలు పాతవాటికంటే కాస్త పెద్దవి. కన్నం పెంచాలి. నువ్వు కొట్టుకెళ్లి దాన్ని కొలిచి నాకు ఫోన్లో చెప్పు. నువ్వొచ్చేసరికి మేస్త్రిని పెట్టి కన్నం రెడీ చేయిస్తా. గంటలో పని. మహా అయితే ఆరొందలు."

వెనక గది గోడ అవతల కాలువ గట్టు. దుమ్ము పడుతుందని అత్తగారిని పక్కింటికి పంపేశారు. ఆవిడ వెళ్తూ వెళ్తూ, "అల్లుడూ, సాయంత్రానికి చల్లగా లేకపోతే నేను పెద్దమ్మాయి ఇంటికి పోతా," అని హెచ్చరించింది. పెద్దల్లుడి ఇంట్లో మూడు ఏసీలున్నాయి. ఆవిడ అక్కడికి పోతే తన భార్య తనతో ఎన్నాళ్లు మాట్లాడదో టైలరుకి అనుభవమే.

కొట్టులో కుర్రవాళ్లు ఏసీని చూపించి దాని గొప్పలు చెబుతుంటే టైలరు వినలేదు. మెడలోంచి టేపు తీసి కొలతలు తీసుకున్నాడు. వెడల్పు ఇరవై ఆరు అంగుళాలు, ఎత్తు పదిహేడు. చొక్కాకైనా లంగాకైనా కొలత తీశాక ప్రతి వైపూ కుట్టుకి రెండు అంగుళాలు వదిలి చెప్పడం అతనికి పాతికేళ్ల అలవాటు. అది బుర్రతో చేసే పని కాదు, నాలుకే చేసేస్తుంది.

"రాసుకో. వెడల్పు ముప్పై, ఎత్తు ఇరవై ఒకటి," అని ఫోన్లో చెప్పాడు.

ఎస్టిమేటుకి కూడా ఒక పద్ధతి ఉంది. ఎవరు ఏ అంకె చెప్పినా దానికి పదో వంతు కలుపుతాడు. చివర్లో తక్కువ పడి మాట రాకుండా ఉండటానికి ఆ జాగ్రత్త. "మేస్త్రీ, ముప్పై మూడు, ఇరవై మూడు," అన్నాడు.

మేస్త్రి నలభై ఏళ్లుగా గోడలు కొడుతున్నవాడు. చుట్టూ సిమెంటు పూత పూసి అంచులు నునుపు చేయాలి కాబట్టి నాలుగువైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ కొట్టాడు. ముగ్గురూ ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేశారు. పాడైంది గోడ ఒక్కటే.

టైలరు ఆటోలో ఏసీని ఒళ్లో పెట్టుకున్నంత జాగ్రత్తగా తెచ్చి కన్నం ముందు నిలబడ్డాడు. అందులోంచి కాలువ, కాలువ అవతలి గట్టు, ఆ గట్టు మీద సైకిలు మీద పోతున్న మనిషి మొత్తం కనిపించాడు.

"ఇదేంట్రా?"

"నువ్వు చెప్పిన కొలతే బావా."

ఏసీని ఎత్తి కన్నంలో పెట్టారు. నాన్న చెప్పుల్లో చంటిపిల్లాడి కాలులా ఉంది. పక్కనుంచి మేస్త్రి చెయ్యి దూర్చి, మోచేతి దాకా పోనిచ్చి, అవతల గట్టు మీది మనిషికి చెయ్యి ఊపాడు. అతను తిరిగి ఊపాడు.

అసలు కొలత ఎంతని మేస్త్రి అడిగాడు. టైలరు చెప్పాడు. ఎందుకు పెంచి చెప్పారని భార్య అడిగింది.

"కుట్టుకి వదలొద్దూ?"

మేస్త్రి కన్నంలోంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కుట్టుకా?" అన్నాడు ఎస్టిమేటు. "ఏసీ ఏమైనా ఒళ్లు చేస్తుందా బావా, తరవాత విప్పి వదులు చేసుకోడానికి?"

"మరి నువ్వెందుకు కలిపావురా పదో వంతు?"

"నువ్వు కలిపావని నాకేం తెలుసు? ఒక ఇంట్లో ఒకడే కలపాలి!"

మేస్త్రి ఇద్దరి మధ్యా తల తిప్పి చూసి, తన కూలీ రెండు వేల ఎనిమిది వందలు అడిగి తీసుకున్నాడు. ఆరొందలన్నవాడు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

కన్నం చుట్టూ చెక్క ఫ్రేము బిగించి, ఏసీని అందులో కూర్చోబెడితే సరిపోతుందని మేస్త్రే ఉపాయం చెప్పాడు. వడ్రంగికి కొలత ఇవ్వాలి. ఈసారి టైలరు ఒళ్లు దగ్గర పెట్టుకున్నాడు. కన్నాన్ని తనే కొలిచాడు. తన నాలుక సంగతి తెలుసు కనుక, అది ఎలాగూ నాలుగు అంగుళాలు కలిపే ఉంటుందని, ఆ నాలుగూ తీసేసి బావమరిదికి చెప్పాడు. నాలుక ఈసారి భయపడి ఏమీ కలపలేదు. ఎస్టిమేటు కూడా పశ్చాత్తాపంలో ఉన్నాడు. పొద్దున కలిపిన పదో వంతుకి ప్రాయశ్చిత్తంగా ఇప్పుడు పదో వంతు తగ్గించి వడ్రంగికి చెప్పాడు.

ఫ్రేము చాలా అందంగా వచ్చింది. మంచి చెక్క, మంచి పాలిషు. ఏసీ అందులో అతికినట్టు కూర్చుంది. ఆ ఫ్రేము మాత్రం కన్నంలో గిలకలా ఆడింది.

"ఏం కంగారు లేదు," అన్నాడు ఎస్టిమేటు. "ముందు ఫ్రేము ఒక్కటీ పెట్టి, పక్కల్లో ఇటుక ముక్కలు దోపి సుత్తితో కొడితే కదలదు."

"నువ్వు కొట్టకురా."

"నేను కాకపోతే ఎవరు కొడతారు బావా, పరాయివాళ్లా?"

కొట్టాడు. మొదటి దెబ్బకి ఇటుక ముక్క దిగింది. రెండో దెబ్బకి ఫ్రేము దిగింది, గోడ అవతలికి. గట్టు మీద ఒక పల్టీ కొట్టి, కాలువలో పడి, మునగకుండా తేలి, నింపాదిగా వెళ్లిపోవడం మొదలుపెట్టింది. మూడు వేల నాలుగు వందల ఫ్రేము. టైలరు కన్నంలోంచి తల బైటపెట్టి అది వంతెన కిందకి పోయేదాకా చూశాడు. మంచి చెక్క కనుక బాగా తేలింది.

అతను ఆనుకున్నందుకో, సుత్తి దెబ్బలకో, కన్నం కింది ఇటుకలు వరసలు వరసలుగా జారి గట్టు మీద పడ్డాయి. టైలరు కూడా పడేవాడే. భార్య వెనకనించి చొక్కా పట్టుకుని లాగింది. చొక్కా చిరగలేదు, అతను కుట్టుకున్నదే. దుమ్ము తగ్గాక చూస్తే కన్నం నడుము ఎత్తు దాకా దిగింది.

"ఇక దీన్ని కన్నం అనలేం మాస్టారూ," అన్నాడు మేస్త్రి.

అప్పటికి పొద్దు వాలింది. గట్టు మీద పోయేవాళ్లు ఆగి లోపలికి తొంగిచూసి, "ఏం కడుతున్నారండీ?" అని అడుగుతున్నారు. భార్య ఓ మందపాటి దుప్పటి తెచ్చి ఆ ఖాళీకి అడ్డంగా పైనుంచి కిందకి కట్టేసింది. గది ఊడ్చి, మంచం మళ్లీ వాల్చి, మగాళ్లిద్దర్నీ ముందుగదిలోకి తరిమింది. అక్కడ కొత్త ఏసీ అట్టపెట్టెలో కూర్చుని ఉంది.

"బావా, నేను లెక్కేశా," అన్నాడు ఎస్టిమేటు.

"వెయ్యకు."

"కన్నం తగ్గించడం దండగ. ఏసీనే పెంచుదాం. అన్నిటికన్నా పెద్దది తీసుకుంటే చుట్టూ కాస్త సిమెంటు చాలు. ముప్పై ఆరు వేలు. ఇది వాడు వెనక్కి తీసుకుంటాడు. దానికి లావుపాటి వైరు, వేరే స్విచ్చి కావాలి, అదో ఆరు వేలు. నీ మిషను సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు."

టైలరు కుర్చీలోంచి లేచాడు. "వచ్చే ఏడాదా? రెండేళ్లు! రెండేళ్లు వాడి గుమ్మంలో మూటతో నిలబడ్డానురా నేను! కాజా ఎటు కుట్టాలో నేర్పింది నేను! 'తీరిక చూసుకుని' అంటాడు, నాతో!"

"అరవకండి, వీధిలోకి వినిపిస్తుంది," అంది భార్య.

"గోడే లేని ఇంట్లో ఏం వినిపిస్తే ఏం? నాకు మిషను కావాలి. మీ అమ్మకి చల్లగా ఉండాలంటే మీ తమ్ముణ్ణి విసనకర్ర పట్టుకు కూర్చోమను."

"మా అమ్మనంటారా?"

"అమ్మనెందుకంటాడక్కా, నన్నంటున్నాడు," అన్నాడు ఎస్టిమేటు న్యాయంగా.

చివరికి భార్యే తేల్చింది. పడుకునేది అమ్మ కనుక అమ్మనే అడుగుదాం, పెద్ద ఏసీ అంటే పెద్దది, అక్క ఇంటికి పోతానంటే పోతుంది. అమ్మ ఎక్కడుందని చూస్తే పక్కింట్లో లేదు. ఈ గొడవ జరుగుతుండగా ఎవరూ చూడకుండా వచ్చేసి తన గదిలోకి వెళ్లిపోయిందట. ముగ్గురూ మునివేళ్ల మీద వెళ్లి తలుపు తోశారు.

అత్తగారు మంచం మీద ముడుచుకుని, రెండు దుప్పట్లు గడ్డం దాకా లాక్కుని, గురక పెడుతోంది. కాలువ మీదనించి వచ్చే గాలికి గోడకి కట్టిన దుప్పటి తెరచాపలా ఉబ్బి ఉంది. దాని పక్కసందుల్లోంచి చల్లగాలి గదంతా తిరుగుతోంది. ఇన్నేళ్లుగా ఆ గాలి వచ్చే ఒక్క దారికీ పాత ఏసీని బిరడాలా బిగించి పెట్టుకున్నారు.

తలుపు చప్పుడికి అత్తగారు ఒక కన్ను తెరిచింది. గోడకి కట్టిన దుప్పటి వైపు గడ్డంతో చూపించింది.

"అల్లుడూ, కొత్తది భేషుగ్గా ఉంది. ఒక్క చప్పుడు లేదు. కాస్త తగ్గించవయ్యా, చలేస్తోంది."

టైలరు నోరు తెరిచాడు. భార్య అతని కాలు తొక్కింది. అతను వెళ్లి దుప్పటి ఒక మూల బిగించి కట్టి వచ్చాడు.

"ఆఁ, ఇప్పుడు బాగుంది," అని ఆవిడ అటు తిరిగి పడుకుంది. ఆ రాత్రి పెద్దమ్మాయికి ఫోను చేసి, మీ ఇంట్లోవి మూడూ కలిపినా మా చిన్నల్లుడు తెచ్చినదానికి సరికావని కూడా చెప్పింది.

మర్నాడు మేస్త్రి వచ్చి అంచులు సరిచేసి పూత పూశాడు. కిటికీ గ్రిల్లుకి కొలత వెల్డరు తనే తీసుకున్నాడు. అంతసేపూ టైలరునీ ఎస్టిమేటునీ వంటింట్లో కూర్చోబెట్టి తలుపు వేశారు. దోమతెర మాత్రం టైలరే కుట్టాడు, చుట్టూ రెండేసి అంగుళాలు వదిలి. అది బట్ట కనుక సరిగ్గా సరిపోయింది. కొట్టువాడు పెట్టె విప్పారని కొంత కోసుకుని ఏసీ వెనక్కి తీసుకున్నాడు. కోసుకోవడంలో వాడు టైలరు కన్నా నేర్పరి.

ఓవర్‌లాక్ మిషను వచ్చింది. టైలరు దాన్ని ఆ కొత్త కిటికీ పక్కనే పెట్టుకున్నాడు. వెలుతురు బాగుంటుంది, అత్తగారితో కబుర్లూ సాగుతాయి. పక్కవీధి టైలరు గట్టు మీదనించి పోతూ ఒకసారి ఆగి గ్రిల్లులోంచి చూశాడు. ఇతను తలెత్తలేదు. తీరిక లేదు.

మేస్త్రికి రెండుసార్లూ కలిపి అయిదు వేలు, కాలువలో పోయిన ఫ్రేముకి మూడు వేల నాలుగు వందలు, గ్రిల్లుకి నాలుగు వేల ఆరు వందలు, కొట్టువాడు కోసుకున్నది పదిహేను వందలు, ఆటోలకి తొమ్మిది వందలు. అన్నీ కలిపి, ఏసీ కొనకపోవడానికి టైలరుకి అయిన ఖర్చు అక్షరాలా పదిహేను వేల నాలుగు వందల రూపాయలు.