దు రాయమంటే ది రాశారు

ఆ రోజు పొద్దున్న సబ్బులమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాస్త ముందుగా ఇంట్లోంచి బయల్దేరాలి. నాలుగు రోడ్ల కూడలి దగ్గర భర్త చేత స్కూటరు ఆపించి, తను రాసిన మాటలున్న పెద్ద బోర్డు కింద నిలబడి ఒక ఫొటో తీయించుకోవాలి. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాలి. ఏమీ ఎరగని ముఖం ఎలా ఉంటుందో అద్దం ముందు ఓసారి సరిచూసుకుంది కూడా.

సబ్బులమ్మ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ప్రకటనల కంపెనీలో చేరిన నాటి నుంచి ఒంటి సబ్బు, బట్టల సబ్బు, గిన్నెల సబ్బు తప్ప మరొకటి ఆమె బల్ల మీదికి రాలేదు. మోటార్లు, తాళాలు, సిమెంటు, టైర్లు తిన్నగా మగవాళ్ళ బల్లల మీదికి పోయేవి. ఇదేమిటని అడిగితే మేనేజరు, అంటే ఆఫీసంతా చాటుగా మీసాలాయన అని పిలుచుకునే పెద్దమనిషి, "టైరు గురించి నీకేం తెలుసమ్మా?" అనేవాడు. ఆయనకి సైకిలు తొక్కడం కూడా రాదన్న సంగతి మర్యాద కొద్దీ ఎవరూ ఎత్తేవారు కాదు.

అలాంటిది, టైర్లు రాసే ఆయన జ్వరమొచ్చి మంచమెక్కడంతో, మనుషుల బరువు చూసే మిషను ఒకటి దారి తప్పి సబ్బులమ్మ దగ్గరికి వచ్చింది. దానికి ఆమె రాసినవి రెండే మాటలు: "అబద్ధం ఆడదు." మీసాలాయన తను కూడా ఒకటి తయారుచేశాడు. ఒక లావుపాటి మనిషి చుట్టూ నలుగురు కండల వీరులు నిలబడి వేళ్ళు చూపించి నవ్వుతుంటారు. కింద "మగాడివైతే ఎక్కు" అని ఉంటుంది. ఆ మిషన్ల ఫ్యాక్టరీ నడిపే పెద్దావిడ రెండూ చూసి, ఏమీ వ్యాఖ్యానించకుండా సబ్బులమ్మది ఉంచి రెండోది వెనక్కి పంపింది.

"సరే, వెళ్ళనీ. కానీ పెయింటరుకి మాత్రం నేనే పంపిస్తాను. ఆడవాళ్ళ రాత ఒకసారి మగాడి చేతి మీదుగా వెళ్తే మంచిది" అన్నాడు మీసాలాయన. "ఒకటి గుర్తుపెట్టుకో. ఇది గనక బెడిసిందంటే, ఈ జన్మకి నువ్వు ఇక నురగ దాటి బయటికి రావు."

సబ్బులమ్మకి అది చాలా బాగా గుర్తుంది. అందుకే స్కూటరు మీద వెనక కూర్చుని, వచ్చే ఏడాదికల్లా తను టైర్ల గురించి రాస్తున్నట్టు ఊహించుకుంటూ వెళ్ళింది.

కూడలి దగ్గర ఎర్రదీపం పడింది. భర్త కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి. భార్య అంటే ఆయనకి గర్వం ఎక్కువ, చూపు తక్కువ. బోర్డు కనపడగానే ఫోను తీసి టకటకా ఫొటో కొట్టి, "మా ఆవిడ రాసిందే" అని చుట్టాలందరికీ ఒక్క దెబ్బన పంపించేశాడు. అంతటితో ఆగక పక్కనే ఆగిన బస్సువాళ్ళకి వినపడేలా, "ఆ పైన ఉన్నది మా ఆవిడే రాసిందండీ" అన్నాడు. ఆ తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు.

"ఏమోయ్, నువ్వు రాసింది ఇదేనా?"

తళతళలాడే బరువు మిషను బొమ్మ పైన మనిషంతేసి ఎర్రటి అక్షరాల్లో ఇలా ఉంది: "అబద్ధం ఆడది."

సబ్బులమ్మ ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని మళ్ళీ చదివింది. ఆమెతో పాటు బస్సులోవాళ్ళూ చదివారు. వెనక సీట్లోంచి ఒకడు, "ఉన్నమాటే రాశారు" అన్నాడు. బస్సు కండక్టరమ్మ ముందు వాణ్ణి కిందికి దింపింది. ఆ తర్వాత తను దిగింది.

"బండి పక్కకి తియ్యి డ్రైవరన్నా. ఇది తేల్చుకుని పోదాం" అంటూ స్కూటరు దగ్గరికి వచ్చింది. "ఏమ్మా, నువ్వు కూడా ఆడదానివేగా. ఇట్లా రాయడానికి చెయ్యెలా వచ్చింది నీకు?"

"నేను దు రాశానండీ."

"ఏం దు?"

"చివర. ది కాదు, దు."

కండక్టరమ్మ ఆమెని కాసేపు చూసి, జనం వైపు తిరిగి, "పాపం, ఎండదెబ్బలా ఉంది" అంది. అప్పటికింకా ఎండెక్కలేదు.

ఈలోగా సంచీ పుచ్చుకుని నడిచిపోతున్న ఒక రిటైరైన తెలుగు మాస్టారు ఆగి, అడక్కుండానే సాయం చేయబోయారు. "వ్యాకరణం ప్రకారం ఇందులో పెద్ద దోషమేమీ లేదు. మన భాషలో మగవాడు మహత్తు. ఏకవచనంలో ఆడదీ, అబద్ధమూ, బల్లా, కుర్చీ, అన్నీ అమహత్తులే. అన్నిటికీ 'వచ్చింది' అనే అంటాం. అంచేత..."

"అంటే ఇప్పుడు మీరు నన్ను కుర్చీ అన్నారా?"

"నేననలేదమ్మా. వ్యాకరణం అంది."

"ఎక్కడుంటాడో చెప్పండి ఆ వ్యాకరణం. వచ్చి మాట్లాడతాను."

మాస్టారు సంచీ భుజం మార్చుకున్నారు. పచ్చదీపం పడింది గానీ ఎవరూ కదల్లేదు. వెనక కార్లు హారన్లు మోగించాయి. ఎందుకు ఆగాయో తెలియనివాళ్ళు దిగొచ్చి కనుక్కుని, తెలిశాక వాళ్ళు కూడా ఏదో ఒక పక్షం చేరారు. సబ్బులమ్మ భర్తని స్కూటరుకి కాపలా పెట్టి, జనంలోంచి సందు చేసుకుని, రోడ్డవతల ఉన్న ఆఫీసు మెట్లెక్కింది. మెట్ల మీద ఉండగానే అత్తగారు ఫోను చేసింది.

"అమ్మాయ్, ఫొటో అందింది. నన్ను దృష్టిలో పెట్టుకునే రాశావా?"

"అయ్యో, కాదత్తయ్యా. అది అక్షరం తప్పు."

"ఆ రోజు పక్కింటావిడతో నాకు మోకాలు నొప్పని చెప్పి పెళ్ళికి వెళ్ళొచ్చాననేగా? అడిగితే నేనే ఒప్పుకునేదాన్ని కదే. దానికి కూడలిలో బోర్డు పెట్టించాలా?"

ఆ సంగతి సబ్బులమ్మకి అప్పటిదాకా తెలియదు. 

ఆఫీసులో ఉన్న ఫోన్లన్నీ మోగుతున్నాయి. మీసాలాయన కిటికీ దగ్గర నిలబడి కూడలి కేసి చూస్తున్నాడు. ఆయన ముఖంలో ఆదుర్దా ఉంది గానీ, దాని వెనక కొంచెం సంతోషం కూడా ఉన్నట్టు సబ్బులమ్మకి అనిపించింది.

"నేను మొదటే చెప్పానా లేదా? రెండు మాటలు రాయమంటే అందులో ఒకటి తప్పు. రేపటి నుంచి హాయిగా సబ్బులు చూసుకో."

"సార్, నేను ఇచ్చింది ఆడదు అనే."

"మరి బోర్డు మీద దానంతటది మారిందా?" అని, ఆయన జవాబు కోసం ఆగకుండా పెయింటరుకి ఫోను చేశాడు. గోల విని అప్పుడే వచ్చి నిచ్చెనెక్కిన ఆ మనిషికి ఇక్కణ్ణించే వినపడేలా అరిచాడు. "ఏమయ్యా, ముందు ఆ ఆడది తీసెయ్. మగాడివైతే గంటలో అయిపోవాలి. మేడమ్ వచ్చేస్తున్నారు."

"దాని బదులు ఏం రాయాలో మీరు చెప్పలేదు సార్" అంది సబ్బులమ్మ.

"అసలు మాట వాడికి తెలుసులే."

"పోనీ నేను దిగి చెప్పొస్తాను."

"నువ్వు కూర్చో తల్లీ. చేసింది చాలు."

సబ్బులమ్మ కూర్చుంది. పెయింటరు నిచ్చెన జరుపుకుని రెండో మాట మీద తెల్లరంగు పూశాడు. రంగు ఆరేదాకా కిందికి దిగి టీ తాగుదామనుకున్నాడు. సరిగ్గా ఆ సమయంలోనే ఫ్యాక్టరీ పెద్దావిడ కారు కూడలిలో ఇరుక్కుంది. ఆవిడకి తన మిషను బొమ్మ కనపడింది. దాని పైన ఇప్పుడు ఒకటే మాట మిగిలింది: "అబద్ధం."

ఆవిడ ఆఫీసులోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు అడిగింది. "మా మిషను మీద అబద్ధం అని ఎందుకుంది బాబూ?"

"రంగు ఆరుతోంది మేడమ్."

"అది ఆరేలోపు నా వ్యాపారం ఆరిపోయేట్టుంది."

మీసాలాయన చేతులు కట్టుకుని జరిగినదంతా సబ్బులమ్మ నెత్తిన పెట్టాడు. ఆ పిల్లకి మిషన్ల పని కొత్తనీ, జాలిపడి ఇచ్చాననీ, ఇక ఆ పొరపాటు చెయ్యననీ అన్నాడు. ఆ ఊపులోనే కండల వీరుల బొమ్మ తీసి బల్ల మీద పరిచాడు. "ఇది చూడండి మేడమ్. పౌరుషం ఉంది. నలుగురూ నవ్వుతుంటే మగాడన్నవాడు ఊరుకోడు. రోషంతో ఎక్కి చూపిస్తాడు."

"నువ్వేమంటావమ్మాయ్?" అని పెద్దావిడ సబ్బులమ్మని అడిగింది.

సబ్బులమ్మ ఎలాగూ మునిగానని నిశ్చయించుకుంది కాబట్టి నిమ్మళంగా చెప్పింది. "నవ్వులపాలు కావడానికి డబ్బిచ్చి మిషను ఎవరు కొనుక్కుంటారండీ? బడిలో నలుగురు చేరి ఒకణ్ణి ఏడిపిస్తే మాస్టారు బెంచీ ఎక్కించేవారు. అదే పని బొమ్మ గీసి అమ్ముతున్నాం."

"అబ్బే, మగాళ్ళ సంగతి నీకు తెలీదు. అదంతా సరదా."

పెద్దావిడ తనతో తెచ్చిన మిషను సంచీలోంచి తీసి నేల మీద పెట్టింది. "అయితే మీరే ఒకసారి ఎక్కండి బాబూ. సరదాగా."

ఆఫీసులోవాళ్ళంతా పని ఉన్నట్టు ఆ గదిలోకే వచ్చారు. మీసాలాయన మిషనుకేసి, వాళ్ళకేసి చూశాడు. చెప్పులు విప్పాడు. గడియారం తీశాడు. జేబులోంచి తాళాలు, ఫోను, కళ్ళజోడు పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. బెల్టు మీద చెయ్యి వేసి, ఆడవాళ్ళున్నారని గుర్తొచ్చి ఆగాడు. ఊపిరి లోపలికి పీల్చి, ఒక కాలు ఎత్తి, మళ్ళీ దించేశాడు.

"ఇవాళ పొద్దున్న టిఫిను కాస్త ఎక్కువైంది మేడమ్."

ఎవరూ నవ్వలేదు. అందరికంటే ఎక్కువగా సబ్బులమ్మే నవ్వకుండా ఉంది.

"పర్లేదులెండి, చెప్పులేసుకోండి" అంది పెద్దావిడ. "నలుగురు చూస్తుంటే మీరే ఎక్కలేదు. ఎక్కనివాడు మిషనెందుకు కొంటాడు?"

సరిగ్గా అప్పుడే కింద కూడలిలో పెద్ద గోల లేచింది. అందరూ కిటికీ దగ్గరికి పరిగెత్తారు. రంగు ఆరింది. పెయింటరు తన పని పూర్తిచేసి, నిచ్చెన దిగి, నడుం మీద చేతులేసుకుని తృప్తిగా చూసుకుంటున్నాడు. బోర్డు మీద ఇప్పుడు "అబద్ధం మగాడు" అని ఉంది.

పొద్దున్న బస్సులోంచి దింపబడినవాడు అక్కడే ఉన్నాడు. ఇది మగజాతికే అవమానమని ఆటోవాళ్ళని కూడగడుతున్నాడు. కండక్టరమ్మ బస్సు తిరుగు ప్రయాణంలో అటే వచ్చింది. ఆవిడ బోర్డు చదువుకుని, నిమిషం ఆగి, ఎవరూ దిగకపోయినా ఎక్కకపోయినా గంట కొట్టింది. మాస్టారు, ఇది మాత్రం వ్యాకరణ విరుద్ధమని తీర్పు చెప్పారు.

మీసాలాయన ఫోను అందుకుని పెయింటరుని నిలదీశాడు. ఆ కంగారులో స్పీకరు నొక్కుకుపోయింది.

"ఎవడు రాయమన్నాడయ్యా అది?"

"మీరే సార్. ఆడది తీసెయ్, మగాడు అన్నారు."

"మగాడివైతే అన్నాను."

"ఐతే వినపడలేదు సార్. బస్సు హారను కొట్టింది."

"అసలు మొదట ఆడది అని నిన్నెవడు రాయమన్నాడు?"

"అదీ మీరే సార్. నిన్న మీరు పంపిన మెసేజి మక్కికి మక్కి దించాను. పెద్దవాళ్ళు, ఏదో ఉద్దేశం ఉంటుందిలే అనుకున్నాను."

పెద్దావిడ, "గొడవెందుకు, సరైన మాట ఇప్పుడే పంపించండి" అంది. మీసాలాయన అందరూ చూస్తుండగా చాలా జాగ్రత్తగా అబద్ధం అని కొట్టాడు. తర్వాత ఆ కొట్టాడు, డ కొట్టాడు. మూడో అక్షరం మీదికి వేలు వెళ్ళేలోగా, బాగా అలవాటైన పనివాడిలా ఫోనే అందుకుని "ఆడది" అని పూర్తిచేసింది. ఆయన కంగారుపడి చెరిపి మళ్ళీ కొట్టాడు. అది మళ్ళీ అదే అందించింది.

"ఇది ఫోను తప్పు మేడమ్."

"ఫోనుకేం తెలుసు బాబూ, పాపం. రోజూ మనం ఏ మాట ఎక్కువ వాడితే దాన్నే ముందు చేతికిస్తుంది." ఆవిడ ఫోను తీసుకుని సబ్బులమ్మ చేతిలో పెట్టింది. "నువ్వు కొట్టు తల్లీ."

సబ్బులమ్మ ఒక్కొక్క అక్షరమే కొట్టి పంపింది. దు దగ్గర మాత్రం కొంచెం గట్టిగా నొక్కింది.

పెద్దావిడ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, తమ ఫ్యాక్టరీలో తయారయ్యే త్రాసులు, థర్మామీటర్లు, కొలత టేపులు అన్నీ ఇక ఈ అమ్మాయే రాయాలనీ, లేకపోతే తాము వేరే కంపెనీ చూసుకుంటామనీ చెప్పింది. త్రాసులకి చోటు కావాలి కాబట్టి సబ్బులమ్మ తన బల్ల మీది సబ్బులన్నీ ఒక అట్టపెట్టెలో సర్దింది. టైర్లాయన జ్వరం ఇంకా తగ్గలేదు. తాళాలాయనకి సబ్బు వాసన పడదట. పెట్టె అందరి బల్లలూ తిరిగి చివరికి మీసాలాయన బల్ల మీద ఆగింది.

"సబ్బు గురించి నాకేం తెలుసు?" అన్నాడు ఆయన, నీరసంగా.

"రోజూ స్నానం చేస్తారుగా సార్" అంది సబ్బులమ్మ.

మర్నాడు పొద్దున్న కూడలిలో "అబద్ధం ఆడదు" అని తప్పుల్లేకుండా, గుండ్రటి అక్షరాలతో బోర్డు నిలబడింది. దాన్ని ఒక్కరు కూడా తలెత్తి చూడలేదు.