చెవులు మూసుకున్న భాగీరథమ్మ

ఆ రోజు భాగీరథమ్మ అనుకున్న పని చిన్నదే. ఏడు గంటల బస్సుకు వై.ఎన్.హొసకోట పోవడం, చెవులకు తగిలించుకుని పాటలు వినే హెడ్‌ఫోన్ ఒకటి కొనుక్కోవడం, మధ్యాహ్నానికి మంగళవాడ తిరిగొచ్చి విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుచుకోవడం.

దానికి కారణం గోడ అవతల ఉన్న మరిది మల్లేశప్ప. అతను పంచాయతీ మెంబరు. ఊరి బోరు ఎండిపోయి నెల దాటింది. వచ్చే వారం నీళ్ల ట్యాంకరు వస్తుందని అతను ప్రతి వారమూ చెబుతున్నాడు. ట్యాంకరు రాలేదు. ఊరి కోపమంతా మల్లేశప్ప మీద పడింది, మల్లేశప్ప కోపం వదిన టేప్ రికార్డరు మీద పడింది.

"మొగుడు పోయిన ఆడమనిషికి పొద్దున్నే నాటకం పద్యాలేంది? ఇంకొకసారి ఆ శబ్దం గోడ దాటితే బాగుండదు వదినా," అన్నాడు నలుగురి ముందర.

"గోడ దాటదు లేప్పా," అన్నది భాగీరథమ్మ. "పద్యం మాత్రం ఆగదు."

ఆ టేప్ రికార్డరు ఎవరో ఇచ్చింది కాదు. వాన పడిన ఒకే ఒక్క ఏడాది, తన చేతులతో పండించిన శనక్కాయలు అమ్మి కొనుక్కున్నది. దాన్ని సంచిలో పెట్టుకుని హొసకోటలో బస్సు దిగింది.

శివన్న రేడియోలు బాగుచేసేవాడు, పెళ్లిళ్లకు మైకుసెట్లు బాడుగకిచ్చేవాడు. అతని అంగడిలో హెడ్‌ఫోన్లు రెండే ఉన్నాయి. మొదటిది తేలిగ్గా, చెవుల దగ్గర స్పంజు ముక్కలతో ఉంది. భాగీరథమ్మ పెట్టుకుని టేపు నొక్కింది. ఎదురుగా ఉన్న శివన్న అదే పద్యానికి గొంతు కలిపాడు.

"నీకెట్లా తెలిసింది?"

"వినపడ్తాండాది గదక్కా. దీనికి వెనకాల మూత లేదు. లోపల పాడేది బయటికీ పోతాది."

"అయితే వద్దు. మా మరిదివి పాము చెవులు."

రెండోది బెంగళూరులో ఎవరో రికార్డింగు చేసేవాళ్లు వాడి అమ్మేసింది. నల్లగా, బరువుగా, కొబ్బరి చిప్పల్లాంటి రెండు గిన్నెలు. వెనక పూర్తిగా మూసి ఉంది. పెట్టుకోగానే శివన్న పెదాలు కదలడం కనిపించింది కానీ మాట వినిపించలేదు. అది ఆమెకు బాగా నచ్చింది. అయితే పద్యం కూడా సరిగా వినిపించలేదు. బావి అడుగున ఎవరో పాడుతున్నట్లు ఉంది.

శివన్న హెడ్‌ఫోన్‌ను తిప్పి చూశాడు. "ఆరువందల ఓములని రాసుండాది. దీన్ని లాగే దమ్ము నీ టేపుకు లేదక్కా. ఆంప్లిఫైయర్ కావల్ల."

"కొత్త బ్యాటరీలు వేస్తే?"

"బండి కదలకుంటే కొత్త చక్రం వేసి ఏం లాభం? ఇంకో ఎద్దును కట్టల్ల. మైకుసెట్టుది ఒకటి ఖాళీగా ఉండాది, దానికి వేరే తీగ పెట్టిస్తా. రెండు దినాలు పెట్టుకుని చూడు."

అట్లా ఆమె ట్రంకుపెట్టె అంత ఆంప్లిఫైయర్‌ను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. పక్క సీటులో తమ ఊరి మేకల కాటయ్య కూర్చుని ఉన్నాడు.

"ఏందక్కా, మైకుసెట్టా? ఎవురు మాట్లాడేది?"

"ఎవురూ మాట్లాడరు. ఇది వినేదానికి."

"ఎవురు వినేది?"

"ఎవురు వింటే నీకేల? రేపు పొద్దున మా ఇంటికాడ వినేది ఖాయం. మల్లేశప్ప అడ్డం పడినా నిలిచేది లేదు."

కాటయ్య దారంతా ఆలోచించాడు. కరువు ఏడాదిలో మైకు పెట్టించుకుని వినేవాడు ఆఫీసరు తప్ప మరొకడు కాడు. బస్సు దిగగానే కనిపించిన మొదటి మనిషితో, "రేపు పొద్దున భాగీరథమ్మ ఇంటికి ఆఫీసరు వస్తాడంట. నీళ్ల కష్టం వింటాడంట. ఖాళీ బిందెలు తెమ్మన్నారు. మల్లేశప్పకు మాత్రం తెలీకూడదు," అన్నాడు. మల్లేశప్పకు తెలీకూడదు కాబట్టి అది సాయంత్రానికల్లా మల్లేశప్పకు తెలిసింది.

ఇంట్లో భాగీరథమ్మకు ఇంకో చిక్కు వచ్చింది. ఆంప్లిఫైయర్‌ కరెంటుతో నడిచేది, ఊళ్లో పొద్దుటి నుంచి కరెంటు పోయి ఉంది. ఆంప్లిఫైయర్‌ను చుట్టూ తిరిగి చూసి, ఇంట్లో చోటు దండగని అరుగు మీద పెట్టేసింది. మరిదికి ఓడిపోయి పద్యాలు మానుకోవడం ఆమె వల్ల కాదు. కోపంగా హెడ్‌ఫోన్ పిన్నును టేపు రంధ్రంలోకి బొటనవేలితో గట్టిగా నొక్కింది. టక్కుమని ఇంకో అర అంగుళం లోపలికి పోయింది. టేపు పెట్టి వింటే పద్యం రెండు చెవుల నిండా మోగింది.

దమ్ము లేనిది టేపుకు కాదు, శివన్న బొటనవేలికి అనుకుని ఆమె హాయిగా పడుకుంది.

మర్నాడు పొద్దున తెరిచిన తలుపుకు ఎదురుగా చాప వేసుకుని, చేటలో కాయలు పోసుకుని, చెవులు మూసుకుని కూర్చుంది. కాయలు ఒలవడానికీ, అయిపోయిన క్యాసెట్టు తిప్పి వేయడానికీ ఆమెకు కళ్లు అక్కర్లేదు. కళ్లు కూడా మూసుకుంది.

ముందు హొన్నమ్మ వచ్చింది, తర్వాత కెంచమ్మ. కాసేపటికి నలభై యాభై మంది ఖాళీ బిందెలతో వీధి నిండా నిలబడ్డారు. అరుగు మీద ఆంప్లిఫైయర్ ఉంది. లోపల భాగీరథమ్మ కళ్లు మూసుకుని ఉంది.

"అక్కా, ఆఫీసరు ఎప్పుడొస్తాడు?" అని హొన్నమ్మ మూడుసార్లు పిలిచింది. భాగీరథమ్మ ఇంకో కాయ ఒలిచింది.

"చెవులకు బీగం వేసుకున్నట్లుండాది," అన్నది కెంచమ్మ. "నీళ్లు వచ్చేదాకా ఎవురి మాటా వినదేమో. వ్రతం పట్టినట్లుండాది."

ఆ మాట వీధి చివరకు చేరేసరికి వ్రతం కాస్తా నిరాహారదీక్ష అయింది. జనం బిందెలు బోర్లించి, భాగీరథమ్మ లేచేదాకా తామూ లేచేది లేదని కూర్చున్నారు.

గోడ మీదుగా చూసిన మల్లేశప్పకు ఇదంతా తన పరువు తీయడానికేనని తోచింది. సైకిలెక్కి, కరువు పనులు చూడటానికి వచ్చి హొసకోటలో దిగిన ఆఫీసరు దగ్గరికి పోయి, "ఊళ్లో గలాటా ఉండాది సార్. ఒక ఆడమనిషి జనాన్ని ఎగదోస్తాండాది. మీరు వచ్చి భయం చెప్పల్ల," అన్నాడు.

భయం చెప్పడానికి ఆఫీసరు జీపులో వచ్చాడు. జనాన్ని, బిందెలను, గడపకు అవతల కళ్లు తెరవకుండా కూర్చున్న మనిషిని చూశాక అతనికే కొంచెం భయం వేసింది. గడప దగ్గర చెప్పులు విప్పి ముందుకు వంగాడు.

"అమ్మా, వారానికి ఒక ట్యాంకరు పంపిస్తాము. లేవండి."

సరిగ్గా అప్పుడే టేపులో పద్యం చివరి రాగం మొదలైంది. రాగానికి భాగీరథమ్మ తల అటూ ఇటూ ఊగింది.

"ఒప్పుకోలేదు," అని వీధిలో కాటయ్య అందరికీ వినిపించేటట్లు చెప్పాడు.

"వారానికి మూడు," అన్నాడు ఆఫీసరు. రాగం ఇంకా సాగింది. తల ఇంకా గట్టిగా ఊగింది.

"ఈమెతో అయ్యేది కాదు సార్," అన్నాడు మల్లేశప్ప వెనక నుంచి.

"నువ్వు నోరు మూసుకోవయ్యా," అని ఆఫీసరు చేతిగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "రోజుకొకటి. ఇంతకన్నా నా చేతిలో లేదు తల్లీ."

క్యాసెట్టు ఆ వైపు, చేటలో కాయలు ఒకేసారి అయిపోయాయి. భాగీరథమ్మ కళ్లు తెరిచింది. గడపలో చేతులు కట్టుకున్న ఆఫీసరు, అతని వెనక మరిది, మరిది వెనక ఊరు కనిపించాయి. హెడ్‌ఫోన్ తీసింది.

"ఏమంటాండారు?"

"రోజుకొక ట్యాంకరమ్మా. సరేనా?"

ముందేం జరిగిందో ఆమెకు తెలియదు. కానీ నెల నుంచి మాటల ట్యాంకర్లు చాలా చూసింది.

"నోటిమాట మా మరిది కూడా చెప్తాడు సామీ," అన్నది. "రాసియ్యి."

ఆఫీసరు చేట పక్కన కూర్చుని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. సాయంత్రానికి ట్యాంకరు వచ్చింది. నీళ్లు పట్టుకుని పోతూ మల్లేశప్ప వదిన గడప దగ్గర ఆగాడు.

"వదినా, ఇంక ఆ చెవుల డిప్పలేంది? గట్టిగానే పెట్టుకో. నేనేమీ అనుకోను."

"నువ్వు అనుకున్నా, అనుకోకున్నా నాకు ఒకటే. గట్టిగా పెడితే నువ్వూ వింటావు. పద్యం నాది," అని భాగీరథమ్మ క్యాసెట్టు తిప్పి వేసుకుంది.

పదిహేను రోజులకు తాలూకా ఆఫీసు నుంచి ఆమె పేరున ఒక ఉత్తరం వచ్చింది. "అధ్యక్షురాలు, మంగళవాడ నీటి పోరాట సమితి" అని పైన టైపు చేసి ఉంది. అట్లాంటి సమితి ఊళ్లో లేదు కాబట్టి, ఉత్తరానికి జవాబు రాయడం కోసం ఒకటి పెట్టుకున్నారు. చేతిరాత బాగుంటుందని మల్లేశప్పను కార్యదర్శిని చేశారు.