కూరలో సబ్బు వాసన

ఆ ఆదివారం పొద్దున లేచింది మొదలు పోశవ్వకు ఒకటే ఆలోచన. పెండ్లయ్యాక తొలిసారి కోరుట్లకు వచ్చిన అల్లుడు శ్రవణ్‌కు మటన్‌తో కడుపునిండా పెట్టి, బిడ్డ నవనీతను అతనితో మధ్యాహ్నం సిరిసిల్ల బస్సెక్కించాలి. కూర దించి, గుప్పెడు కొత్తిమీర చల్లి వడ్డించింది.

శ్రవణ్ ఒక ముద్ద నోట్లో పెట్టుకొని ఆగిపోయాడు. భార్య వైపు వంగి, "సబ్బు వాసనొస్తుంది" అన్నాడు మెల్లగా.

మెల్లగా అన్న మాటలే అత్తలకు ముందు వినిపిస్తాయి.

"గిన్నె సక్కగ కడగలేదేమో. ఒక్క నిమిషం ఆగు అల్లుడా." పోశవ్వ ఇంకో గిన్నె తోమి, కూర అందులోకి మార్చి, వాసన చావాలని ఇంకాస్త కొత్తిమీర కలిపింది.

"ఇప్పుడెట్లున్నది?"

"మంచిగనే ఉంది అత్తమ్మా" అన్నాడు గానీ, అతని చెయ్యి రెండో ముద్ద కలపలేదు.

అయితే తప్పు నీళ్లదే. ఆమె భర్త ఐలయ్యను మిద్దె మీదికి తోలింది. "ట్యాంకు మొత్తం కడుగు. అండ్ల ఏం పడ్డదో ఏమో." ఐలయ్య లుంగీ ఎగగట్టి ట్యాంకులో దిగాడు. పోశవ్వ నీళ్ల డబ్బా తెప్పించి, కొత్తగా చికెన్ వండి, ఈసారి కొత్తిమీర కట్ట మొత్తం వేసింది. శ్రవణ్ మూత తీయకముందే ముక్కు ముడుచుకున్నాడు.

పక్కింటి నాగవ్వ వచ్చి కూర రుచి చూసింది. "గింత మంచి కూరకు వంక పెడ్తున్నడంటే, ఆయన మనసుల ఇంకేదో ఉన్నది."

నవనీత కళ్లు తుడుచుకుంది. "నా మీద కోపముంటే సీదా చెప్పరాదు?"

"కోపమెందుకు? కూర సంగతే చెప్పిన."

ఈ గొడవలో వాళ్లు ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. పోశవ్వ ఇక ఆగలేక సిరిసిల్లలోని వియ్యపురాలు విజయకు స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. "మా ఇంటి కూర మీ కొడుక్కు సబ్బు లెక్క కొడ్తుందట వదినే. మా బిడ్డ నచ్చకుంటే సాఫ్ చెప్పు."

"కొత్తిమీర ఏసినవా?"

"ఎయ్యకుంటే అది కూరెట్లయితది?"

"వాళ్ల నాయినకు గట్లనే కొడ్తది. అందుకే మా ఇంట్ల తేనే తేము. కొడుక్కు గూడ అచ్చినట్టుంది."

శ్రవణ్ తెల్లబోయాడు. "ఫంక్షన్లల్ల గిన్నెలు సక్కగ కడగరనుకున్న ఇన్నొద్దులు."

నవనీత సెల్‌లో వెతికింది. "నిజమే అమ్మా. కొందరికి పుట్టుకతోనే ముక్కు గట్లుంటదట. జన్యువులట."

ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడే ఐలయ్య తడి బట్టలతో మిద్దె దిగుతూ, ఆ మాటలు విని మెట్ల మీదే నిలబడిపోయాడు.

"గా సబ్బు వాసన కొత్తిమీరదా? మన పెండ్లయిన కాన్నుంచి నీకు గిన్నెలు తోమరాదనుకున్న పోశవ్వా. అంటే బాధపడ్తవని ఊకున్న."

ఆ పూట అల్లుడికి కొత్తిమీర లేని కోడిగుడ్ల కూర దొరికింది. ఐలయ్యకు ఏ కూరా దొరకలేదు.