సాన్పి మీద పడ్డ హత్యాయత్నం కేసు

"నేరం ఏడ దాక్కున్నా సరే, అంజయ్యా, నా ముక్కు దాన్ని కాలర్ పట్టి బయటికి గుంజుతది. ఈ పటాన్‌చెరు గడ్డ మీద నా అసొంటి బుర్ర ఇంకోటి పుట్టలె, ఇగ పుట్టది."

పెద్దరాములు ఈ మాట నా ఆటోల కూసుండి అన్నడు, కిరాయి ఇయ్యకుంట. మందుల కంపెనీ గేటు కాడ కార్మికుల టిఫిన్ డబ్బాల మూతలు తీసి చూసే కొలువు చేసి రిటైరైండు. అప్పటిసంది తనను తాను డిటెక్టివ్ అంటున్నడు. ఇంకెవ్వరు అనరు.

కేసు చిట్కుల్‌ల. ప్రభాకర్ సారుకు అక్కడ కిరాయి రూములున్నయి. గేటు పక్క రూముల దేవమ్మ ఉంటది. కంపెనీల ఊడ్చే పని. పొద్దుగాల గేటు బయట తన రూము ముందట పెండ నీళ్లతోని సాన్పి చల్లకుంటే ఆమెకు చాయ్ గొంతు దిగది. పోయిన వారం వెనక రూము చంద్రకాంత్ కంపెనీ బస్సు కోసం గేట్లకెల్లి ఉరుకుతూ జారిపడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నడు. లేవదీసేటోళ్లకు అతని ప్యాంటుకు పెండ కనబడ్డది. చంద్రకాంత్ దిక్కుకెల్లి వకీలు నోటీసు రాంగనే ప్రభాకర్ సారు దేవమ్మ మీద పడ్డడు.

"వాకిలి జారుడు చేసింది నువ్వు. జవాబు నువ్వే చెప్పుకో. రూము ఖాళీ చెయ్యి."

ఈ రూము పోతే నడిచి పనికి పోయేంత దగ్గర్ల ఆమెకు ఇంకోటి దొరకది.

"మట్టి మీద చల్లిన సాన్పి జారుతదా, అన్నా?" అని, మేము పోంగనే దేవమ్మ రాములన్న ముందట ఏడ్చింది.

"ఏడువకు చెల్లే. ఇది జారుడు కాదు, హత్యాయత్నం. దీని ఎనక అంతర్జాతీయ ముఠా ఉన్నది," అన్నడు రాములన్న.

"చంద్రకాంత్‌ను సంపితే ముఠాకు ఏమొస్తది?" అని నేనడిగిన.

"నువ్వు ఆటో సంగతి చూసుకో."

చిటికెడు మట్టి తీసి ముక్కు కాడ పెట్టుకున్నడు. కండ్లు మూసుకున్నడు. "బర్రె," అన్నడు గంభీరంగ.

"ఆవుది, అన్నా," అన్నది దేవమ్మ.

"సూసినవా అంజయ్యా! నన్ను దారి తప్పియ్యనీకే ఆవును వాడిన్రు."

తెల్లారి నోటీసు పంపిన వకీలు అరుణ మేడమ్ జాగ చూడనీకి వస్తదని తెలిసింది. ఆ పొద్దుగాల నేరస్థలం చెదరొద్దని రాములన్న దేవమ్మను సాన్పి చల్లనియ్యలె. ఆమె చాయ్ ముట్టకుంట గడప మీద కూసుంది. రాములన్న చంద్రకాంత్‌ను పిలిచి, పడ్డ చోటనే కట్టు చెయ్యితోని పండబెట్టి, చుట్టూ ముగ్గుపిండితోని మనిషి బొమ్మ గీసిండు. అతను లేచినంక, చెయ్యి ఇరిగిన కాడ గుర్తుకు చిటికెడు కుంకుమ చల్లిండు. తల కాడ నిమ్మకాయ పెట్టిండు. ఆధారాల పక్కన పెట్టే నంబరు బిళ్లలు దుకాణంల దొరకలేదట.

మేడమ్ స్కూటీ ఆగిన సప్పుడుకు ప్రభాకర్ సారు గేటు తీసిండు. బొమ్మను చూసిండు. కుంకుమ చూసిండు. నిమ్మకాయ చూసిండు.

"బాణామతి! నా ఇంటి ముందట బాణామతి!"

ఇంట్లకు మళ్లాలన్న సోయి లేక బజారు దిక్కు ఉరికిండు. గేటు ముందట కారెక్కనీకి ర్యాంపు ఉన్నది. బాత్రూం గోడకు వేయంగ మిగిలిన టైల్స్ సారే దాని మీద పరిపించిండు. తళతళ మెరుస్తయి. కాలు పెట్టిండో లేదో, సర్రున జారి పోయి బొమ్మల పడ్డడు. తల నిమ్మకాయ మీద, చెయ్యి కుంకుమ మీద. గీసిన గీతకు ఒక్క వేలు అటు కాలే, ఇటు కాలే.

"నేను గూడ గిట్లనే వచ్చిన మేడమ్! ఈ టైల్స్ మీదికెల్లే!" అని చంద్రకాంత్ ఒర్రిండు.

మేడమ్ వంగి టైలును వేలితోని రాసి చూసింది. "ఇయ్యాల సాన్పి చల్లిన్రా?"

"ఏడ మేడమ్, ఈ అన్న చల్లనిస్తేగా," అన్నది దేవమ్మ.

"నలుగురు నడిచే తొవ్వల జారే టైల్స్ పరిచినోళ్లదే నిర్లక్ష్యం. దెబ్బకు జవాబు వాళ్లే చెప్పాలె. ఈమెకేం సంబంధం?"

"మరి నా రూము, సార్?"

"ఉండు తల్లీ, ఉండు. ముందుగాల నన్ను లేపు."

రాములన్న నా దిక్కు తిరిగిండు. "నా వల ఎట్లున్నది?"

ప్రభాకర్ సారు నడుము పట్టుకొని మూలిగిండు. "మేడమ్, నేను గూడ నోటీసు ఇయ్యచ్చా?"

"ఇయ్యచ్చు. ఇల్లు మీది, టైల్స్ మీవి, నడుము మీది. ఎవరి పేరున రాయాలె?"

సారు చేతికంటిన కుంకుమ చూసుకున్నడు. "ఈ బొమ్మ గీసినోని పేరున."

అప్పటికే రాములన్న నా ఆటోల కూసుండి, చేతులకున్న ముగ్గుపిండిని సీటుకు తుడుస్తున్నడు.