కప్పకు మంజూరైన బోరు

వర్షారణ్యాల్లో స్థానికులు నడిపే వ్యాపారాలకిచ్చే విదేశీ నిధి 1989లో కోస్గి పక్కనున్న మా ఊరికి మంజూరైందని ఊరుమ్మడి ఆనందంతో ప్రకటిస్తున్నాం. మా దగ్గర వర్షం లేదు, అరణ్యమూ లేదు. ఫైలులో రెండూ పుష్కలం. గుట్ట మీది సీతాఫలం పొదలే అరణ్యం. ఆ కాయలు గంపలకెత్తి అమ్ముకునే ఆడవాళ్ల సంఘమే వ్యాపారం. సంఘం పెద్ద గోపమ్మ అడిగింది ఒక్కటే.

"సారూ, ఊర్లె బోరెయ్యుండ్రి. బిందెడు నీళ్లకు గుట్టెక్కి దిగి అవతలూరికి పోతున్నం. నడుములిరుగుతున్నయి."

"వ్యాపారానికి నిధి ఉందమ్మా, దాహానికి పద్దు లేదు" అని ప్రాజెక్టు ఆఫీసరు సెలవిచ్చారు. మహానుభావుడు!

ఇంతలో నిధిచ్చే విదేశీ దొరలు తనిఖీకొస్తున్నారని కబురు. అరణ్యం ఉండి వర్షం లేకపోతే బాగుండదు గనుక ఆఫీసరు ఫైరింజను తెప్పించి గుట్ట వెనక దాచారు. దారి బాగాలేదని మంచినీళ్ల ట్యాంకరు రాని ఊరికి ఫైరింజను అవలీలగా వచ్చింది. దొరల జీపు ఆగిందో లేదో, పొదల మీద కుండపోత!

ఆషాఢం వెళ్లినా చినుకు లేదని ఊరి ఆడవాళ్లు ఆ పొద్దే కప్పతల్లి ఆడుతున్నారు. రోకలికి వేపమండలు చుట్టి, బోదురుకప్పను కట్టి, ఇల్లిల్లూ తిరిగి దాని మీద నీళ్లు పోయించి గుట్ట కిందికి వచ్చేసరికి ఎర్రటెండలో వాన.

"ఓయమ్మో, కప్పతల్లి దయ సూపింది! బిందెలు తేండ్రే!" గోపమ్మ కేక పెట్టింది. ఇక చూడాలి సంబరం! బిందెలు, తపేలాలు, ఆఖరికి తలరుమాళ్లు కూడా వానకు పట్టారు. ముసలమ్మలు గంతులేశారు. నిలువునా తడిసిన ఆఫీసరు చేసేది లేక చప్పట్లు కొట్టారు.

దొరలు మనుషులను చూడలేదు, కప్పను చూశారు. కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆఫీసరు వెంటనే అందుకున్నారు. "మహాశయులారా! ఈ కప్పే వర్షారణ్యానికి సజీవ సాక్షి! ఇక్కడి ప్రజలు దీన్ని కన్నబిడ్డలా రోకలి మీద ఊరేగిస్తారు!"

నిధి మొత్తం కప్పకే మంజూరైంది. బోరు వేశారు, నీళ్లు ఎగదన్నాయి. తొట్టి కట్టి చుట్టూ ముళ్లకంచె వేశారు. స్థానికుల నాయకత్వం తప్పనిసరి కాబట్టి ఆ తొట్టికి గోపమ్మనే చైర్మన్ చేశారు. ఊరివాళ్లు ఆ నీళ్లు ముట్టకుండా చూడటం ఆమె విధి.

"సారూ, పిల్లల గొంతులెండుతున్నయి. మమ్ముల గూడ జర కప్పలని రాసుకోండ్రి" అని మొక్కింది.

"కప్ప ఏనాడైనా ఇట్లా అడిగిందా?" అని ఆఫీసరు నొచ్చుకున్నారు.

సంగతి పత్రికల్లో పడగానే పట్నంవాళ్లు కరిగిపోయి బస్తాలకొద్దీ ఉత్తరాలు రాశారు. గోపమ్మ చైర్మన్ హోదాలోనే బిందె నెత్తికెత్తుకుని అవతలూరికి పోతోంది. మీరు అడగబోయేదేమిటో మాకు తెలుసులెండి. కప్పకేం, బాగుంది.