సమస్యల్లేని మీటింగు

"మీటింగు పెట్టేది మాట్లాడుకోవడానికి కాదు, ఫలితాలు సాధించడానికి!" అని మా మేనేజరుగారు ప్రకటించిన నాటి నుంచీ మా ఆఫీసు దశ తిరిగింది. ఆయన పెట్టిన సూత్రం ఒక్కటే. సమస్యను ఎవరు లేవనెత్తితే, దాన్ని తీర్చే పూచీ వాళ్లదే!

అంతే! పూటల తరబడి సాగే మీటింగులు టీ చల్లారేలోగా ముగిసిపోసాగాయి. కుళాయి కారుతోందన్న పాపానికి క్యాషియరుగారు ప్లంబరు ఇంటి చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతున్నారు. ఫ్యాను చప్పుడు చేస్తోందన్న టైపిస్టమ్మ ఫ్యాన్ల ఇన్‌చార్జి అయి కూర్చుంది. మిగతావాళ్లం నోటికి తాళం వేసుకున్నాం. సమస్యలే లేని ఆఫీసని పై ఆఫీసు మా మేనేజరుగారిని తెగ మెచ్చుకుంది.

ఆ రోజు మీటింగులో చివరి అంశం నా బదిలీ. నేనొక ఊళ్లో, నా భార్యాపిల్లా ఒక ఊళ్లో. మొన్న సెలవుకి వెళ్తే మా అమ్మాయి నన్ను "అంకుల్" అంది. ఆ మాట నా గుండెల్లో ముల్లై కూర్చుంది. కానీ నెత్తిన బాధ్యత ఉన్నవాడికి బదిలీ ఇవ్వరట. అందుకే ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తున్నాను.

"సమస్యలేమైనా ఉన్నాయా?" అడిగారు మేనేజరుగారు.

సరిగ్గా అప్పుడే పక్కనున్న రికార్డు గది తలుపు కిందనుంచి పొగ మొదలైంది. అందరం చూశాం. చూసి, అందరం పైకప్పు వైపు తిరిగాం.

"ఏమీ లేవండీ," అన్నారు క్యాషియరుగారు దగ్గుతూ.

"మరి ఆ దగ్గేమిటి?"

"జలుబండీ! మా ఇంటిల్లిపాదికీ జలుబే!"

"నాకైతే అంతా స్పష్టంగా కనిపిస్తోందండీ," అంది టైపిస్టమ్మ, మేనేజరుగారనుకుని బీరువాతో.

మేనేజరుగారి కళ్లు ధారాపాతంగా కారుతున్నాయి. ఆయన మాత్రం తక్కువ తిన్నారా? నోరు జారితే పూచీ తన మెడకే!

"మీ ఐకమత్యం చూస్తుంటే ఆనందబాష్పాలు ఆగడం లేదు. మీటింగు విజయవంతంగా ముగిసింది!" అంటూ అందరికంటే ముందు ఆయనే వీధిలో పడ్డారు.

"మరి నా బదిలీ అండీ?" అంటూ వెంటపడ్డాను.

"సంతకం పొద్దున్నే పెట్టేశానయ్యా. కాగితం రికార్డు గదిలో ఉంది, వెళ్లి తెచ్చుకో."

కిటికీలోంచి మంట ఎగిసింది.

"అయ్యో! రికార్డు గది తగలబడిపోతోందండీ!" అని వీధి అదిరేలా అరిచాను.

క్యాషియరుగారూ టైపిస్టమ్మా "హమ్మయ్య" అనుకోవడం నాకు వినబడింది. మేనేజరుగారు కళ్లు తుడుచుకుని, నా రెండు చేతులూ ఆప్యాయంగా పట్టుకున్నారు.

"భేష్! ఎవరో ఒకరు అంటారని ఇందాకటి నుంచీ చూస్తున్నానయ్యా. ఇక ఆ మంటలార్పించే పూచీ నీదే. బదిలీ అంటావా... ఇంత బాధ్యత నెత్తిన పెట్టుకుని ఎలా వెళ్తావు చెప్పు?"