నాణెం వెనకవైపు ఏముండాలి?

"మన ప్రాంతం ఏర్పడి వందేళ్ళయిన సందర్భంగా స్మారక నాణెం విడుదల చేస్తున్నాం. వచ్చే ఎన్నిక ఈ నాణెంతోనే తేలిపోతుంది" అని మంత్రిగారు ప్రెస్ మీట్‌లో ప్రకటించారు. అంత దూరదృష్టి గల నాయకుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ముందువైపు ఎవరి బొమ్మ ఉండాలన్న దానిమీద చర్చే జరగలేదు. ముక్కు బాగా వచ్చేలా పక్కనుంచి ఫొటో తీయమని నాకు కబురు పెట్టారు. నేను ఫొటోగ్రాఫర్ని. చిక్కల్లా వెనకవైపుతోనే వచ్చింది. దానికోసం డిజైన్ కమిటీ కూర్చుంది.

"నది వేద్దామండీ" అన్నారు కార్యదర్శి.

"నీళ్ళేవని అడుగుతారు" అన్నారు మంత్రిగారు.

"పోనీ, ఆనకట్ట?"

"నిరుడేగా పగిలింది. కాంట్రాక్టరు మనవాడయ్యా, బాధపడతాడు."

"రైలు?"

"రానీ ముందు."

"ప్రాంతం మ్యాప్ వేస్తే ఏ గొడవా ఉండదండీ."

"సరిహద్దు కేసు తేలిందా?"

కార్యదర్శి పెన్నుకి మూత పెట్టేశారు. అప్పుడు నోరు విప్పాడు, మూల కూర్చుని బిస్కెట్లు తింటున్న బావమరిది. మంత్రిగారి భార్యకి తమ్ముడు. పోస్టర్లు అంటించడం దగ్గర్నుంచి జేజేలు కొట్టించడం దాకా అన్నీ అతనే.

"మీకు వెనకవైపు ఎందుకు బావా? రెండువైపులా మీరే ఉండండి. ఒకపక్క గతాన్ని చూస్తూ, ఇంకోపక్క భవిష్యత్తును చూస్తూ. ఎటు తిప్పినా మీరే."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. రెండో చెంప ఫొటో కూడా నాకే దక్కింది కాబట్టి నావీ చెమర్చాయి.

నాణెం ఘనంగా విడుదలైంది. ఆ ఊపులో బావమరిది ఈసారి పార్టీ టికెట్ తనకిమ్మన్నాడు.

"ఉన్నది ఒక్క కుర్చీ కదరా. అందులో నేనున్నాను కదా" అన్నారు మంత్రిగారు ప్రేమగా.

అతను ఏమీ అనుకోలేదు. తిన్నగా వెళ్ళి బావగారి మీదే స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేశాడు.

ఓట్ల లెక్కింపులో ఇద్దరికీ సమానంగా వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టినా అంతే. చట్టప్రకారం నాణెం ఎగరేసి కుర్చీ ఎవరిదో తేల్చాలన్నారు ఎన్నికల అధికారి, జేబు తడుముకుంటూ.

"నా భవిష్యత్తు చిల్లరతో తేలుస్తారా?" అని మంత్రిగారు నొచ్చుకున్నారు. వెల్వెట్ డబ్బీ తెరిచి స్మారక నాణెం అందించారు. "ముందు వాణ్ణే కోరుకోమనండి. చిన్నవాడు." పెద్దమనసంటే అదీ.

బావమరిది చేతులు కట్టుకున్నాడు. "బొమ్మండీ. మొదట్నుంచీ నాకు మా బావ బొమ్మే దిక్కు."

నాణెం ఎగిరి బల్లమీద పడింది. బొమ్మ.

"ఫ్యాను గాలికి తిరిగింది. ఇంకోసారి" అన్నారు మంత్రిగారు.

బావమరిది అభ్యంతరం చెప్పలేదు. ఫ్యాను ఆపించి, అధికారిగారి భుజం నొప్పెట్టేదాకా ఎగరేయించారు. మంత్రిగారు బల్లమీద నుంచి ఒకసారి గతంలోకి, ఒకసారి భవిష్యత్తులోకి హుందాగా చూస్తూనే ఉన్నారు.

చివరికి ఆయనే నాణెం చేతిలోకి తీసుకుని, బొరుసు కోసం తిప్పి తిప్పి చూడసాగారు.

"ఎందుకు శ్రమ బావా" అన్నాడు బావమరిది, ఆయన కుర్చీ తన వైపు లాక్కుంటూ. "ఎటు తిప్పినా మీరే."